గుండెల మీద చేతులు

సౌదీలోని రాబిగ్‌లో నేను వంట చేసిన ఇంట్లో ఒక అమెరికా ఆయన ఉండేవాడు. కార్ల పందాల్లో ఛాంపియన్‌. యజమాని కొడుక్కి పందెం నేర్పడానికి వచ్చాడు. కుక్కర్ కూత పెడితే చాలు, ఆయన చేతులు రెండూ గుండెల మీదికి ముడుచుకునేవి. నేను నవ్వితే వంకర బొటనవేలు చూపించేవాడు. కారు గుద్దుకునే ముందు స్టీరింగ్ వదలకపోతే అది గిర్రున తిరిగి చేతులు విరిచేస్తుందట.

"డ్రైవరన్నోడు స్టీరింగ్ వదుల్తాడా?" అనేవాడు ఆ ఇంటి డ్రైవరైన మా ఆయన. ఆ చేతులే మా కూడు.

ఓ మధ్యాహ్నం పికప్‌లో ముగ్గురం వెళ్తుంటే ముందు టైరు పేలింది. బండి సిమెంటు గోడ మీదికి దూసుకుపోయింది. మా ఆయన స్టీరింగ్ ఇంకా బిగించాడు. మధ్యలో కూర్చున్న అమెరికా ఆయన అరుస్తూ ఆ చేతులు పీకి, మా ఆయన గుండెలకే అదిమాడు. బండి గోడను గుద్ది పల్టీ కొట్టింది. గాజుముక్కలు మొహాల్లో దిగాయి.

మా ఆయన చేతులకు గీత పడలేదు. స్టీరింగ్‌కు అడ్డం పెట్టిన అమెరికా ఆయన ముంజేతుల్లోంచి ఎముకలు బయటికొచ్చాయి.

"మీ చేతులు మీరెందుకు ముడుచుకోలేదు సార్?" అని మా ఆయన ఏడ్చాడు.

ఆయన నెత్తురోడుతున్న గడ్డంతో మా ఆయన్ని చూపించి, "డ్రైవర్" అన్నాడు.

ఇప్పుడు కుక్కర్ కూస్తే మా ఆయన చేతులు గుండెల మీదికి వెళ్తాయి. నేను నవ్వను.