పొయ్యి దగ్గర కూర్చోని మనిషి

నోరీన్ డాకెట్‌ని అరవై ఏళ్ళలో ఏ గుర్రమూ విరగ్గొట్టలేకపోయింది. వంటిల్లు విరగ్గొట్టింది. కిందటి చలికాలం ఒక పొద్దున టీ నీళ్ళు పెడదామని లేచి, సింకు ముందు తడి మీద కాలు జారితే ఎడమ తుంటి విరిగింది. ఆస్పత్రిలో లోపల ఇనుము పెట్టి కుట్టేసి, ఇక గుర్రాల జోలికి పోవద్దన్నారు.

"వంటింటి జోలికి పోవద్దనలేదేం?" అని అడిగింది నోరీన్. కుర్ర డాక్టరు నవ్వేసి ఊరుకున్నాడు. ఆవిడ నవ్వలేదు, నిజంగానే అడిగింది.

కూతురు జనీన్ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఇరుగుపొరుగులు పాలూ రొట్టే తెచ్చిపెట్టే వంకతో వచ్చి తలో మాటా చెప్పిపోయారు. డెబ్బై రెండేళ్ళ మనిషి ముందు నిలబడి, ఇక నువ్వు చెయ్యాల్సిందేమీ లేదు అని చెప్పడానికి జనానికి ఎంత ఓపికో. నోరీన్ అందరి మాటా విని, అందరికీ టీ ఇచ్చి పంపింది. శరదృతువు రాగానే టాఫీ అనే తన గోధుమరంగు ఆడగుర్రాన్ని ట్రైలర్లోకి ఎక్కించింది.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు," అంది జనీన్, వాకిట్లో చేతులు కట్టుకుని.

"ఆ పుడకలు నేనే ఏరుకొస్తాలేవే, అడవికేగా వెళ్తున్నాను," అని నోరీన్ బండి ముందుకు పోనిచ్చింది.

ఆ దక్షిణపు దేశంలో ఈస్టరు శరదృతువులో వస్తుంది. ఏటా ఈస్టరుకి డాకెట్ల వాళ్ళూ, వాళ్ళతో కలిసి పశువుల్ని తోలినవాళ్ళూ గుర్రాలతో స్లేటీ వాగు ఒడ్డున దిగుతారు. అక్కడున్నవి ఇనప గొట్టాల దొడ్లు నాలుగు, రాళ్ళ పొయ్యి ఒకటి, గుంట మరుగుదొడ్డి ఒకటి. నీళ్ళు కావాలంటే వాగే. రాత్రి గుడారాల్లో పడుకుని, తెల్లారి గుర్రాలెక్కి కొండ మీది పాత గుడిసె దాకా వెళ్ళి, సాయంత్రానికి తిరిగొస్తారు. పశువుల్ని పైకి తోలే రోజులు పోయాయి. నోరీన్ భర్త లెస్ పోయి కూడా తొమ్మిదేళ్ళయింది. అయినా ఆ ఒక్క రోజు దారి మాత్రం ఎవరూ వదల్లేదు.

ఆ దారికి ఒక కట్టుబాటు ఉంది. అది నోరీన్ కోసమే పుట్టింది. ఇరవై ఏళ్ళప్పుడు, పెళ్ళయిన మొదటి వేసవిలో, తనూ మందతో పైకి వస్తానంది. మామగారు ముసలి డాకెట్ పైపు నోట్లోంచి తియ్యకుండానే, "నేల మీంచి, ఎవరి చెయ్యీ తగలకుండా, తనంతట తాను గుర్రమెక్కినవాళ్ళు వస్తారు. ఎక్కలేనివాళ్ళు పొయ్యి దగ్గర కూర్చుంటారు," అని, మందలో అన్నిటికంటే పొడుగాటి గుర్రాన్ని తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు. నోరీన్ అయిదడుగుల మనిషి. రికాబు ఆమె రొమ్ము దాకా ఉంది. జూలు రెండు చేతులా పట్టుకుని, గోడకి ఉడత పాకినట్టు పాకి పైకి చేరింది. లెస్ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ముసలాయన నవ్వలేదు, తిట్టలేదు. అన్నమాట ప్రకారం దారి ఇచ్చాడు.

అందుకే ఆ కట్టుబాటంటే నోరీన్‌కి ఎన్నడూ కోపం లేదు. ఆ ఇంట్లో ఎవరూ తియ్యకుండా తను తీసుకున్న తలుపు అదొక్కటే.

ఇప్పుడు ఆ కట్టుబాటుకి పెద్దదిక్కు మరిది కోలిన్. ట్రైలర్ తలుపు దించి టాఫీని వెనక్కి నడిపిస్తుంటే, టోపీ వెనక్కి తోసుకుంటూ వచ్చాడు.

"వచ్చావా వదినా. గుర్రాన్ని కూడా తెచ్చావేం?"

"మరి నీ వీపెక్కి తిరగనా?"

"అది కాదు. బ్రూనో వాళ్ళావిడ కూతురి పురుడని మెల్‌బోర్న్ వెళ్ళింది. రేపు పొయ్యి దగ్గర మనిషి లేదు. ఈసారికి నువ్వు చూసుకుంటావేమోనని..."

"మనిషి లేకపోతే ఆర్పేసి రండి."

పక్క దొడ్లో తన గుర్రానికి గడ్డి వేస్తున్న బ్రూనో తల పైకెత్తాడు. వాళ్ళ నాన్న ఇటలీ నుంచి వచ్చి కింది లోయలో పొగాకు పండించాడు. బ్రూనోకి తోటా, సాసేజీలూ, నోరూ అన్నీ ఆయన నుంచే వచ్చాయి.

"కోలిన్, మా ప్రాణాల మీద ఆశ వదులుకున్నావా?" అన్నాడు. "అక్క కిందటిసారి కాల్చిన రొట్టెని మొన్నటిదాకా మా గేటుకి అడ్డం పెట్టుకున్నాం."

"నవ్వులాట కాదు," అన్నాడు కోలిన్. "నాన్న పెట్టిన మాట నీకు తెలుసు వదినా. పొద్దున అందరి ముందూ ఎక్కాలి. ఎక్కలేకపోతే నన్ను అనుకోకు."

"ఎక్కలేకపోతే చూద్దాంలే," అంది నోరీన్, టాఫీకి నీళ్ళు తేవడానికి బకెట్ తీసుకుని వాగుకేసి నడుస్తూ. కుంటకుండా నడవాలని చూసింది గాని, రాళ్ళ మీద కుదరలేదు.

చూద్దాంలే అనడం ఊరికే అన్నది కాదు. వేసవంతా ఆవిడ గడ్డి కొట్టం వెనక, జనీన్ కంటపడకుండా ఒక పని చేసింది. గుర్రాన్ని అందరూ ఎడమ పక్క నుంచే ఎక్కుతారు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. కుడి పక్క నుంచి ఎక్కబోయేవాణ్ణి చూస్తే పట్నం నుంచి ఇవాళే దిగినట్టున్నాడు అనుకుంటారు, గుర్రం కూడా అలాగే అనుకుని పక్కకి జరుగుతుంది. ఎడమ పక్కనుంచి ఎక్కాలంటే బరువంతా ఎడమ కాలి మీద వెయ్యాలి. నోరీన్‌కి ఆ కాలు ఇక పనికి రాదు. కాబట్టి క్యారెట్లు పెట్టి, బతిమాలి, తిట్టి, టాఫీని కుడి పక్కకి అలవాటు చేసింది. ముందు గడ్డి మోపు మీద నిలబడి ఎక్కింది, తర్వాత చిన్న పెట్టె మీద నిలబడి. వట్టి నేల మీంచి మాత్రం ఒక్కసారీ రాలేదు. ఆ సంగతి తెలిసే వచ్చింది. వాళ్ళంతట వాళ్ళు కూర్చోబెడితే కూర్చోవాలిగాని, తనంతట తాను వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చుంటుందా?

తెల్లారేసరికి వాగు మీద మంచు దిగి ఉంది. టీలయ్యాయి, జీనులు బిగించారు. కోలిన్ మాత్రం అందరూ నిద్ర లేచి వచ్చేటప్పటికే గుర్రం మీదున్నాడు. మిగిలిన ఏడుగురూ ఒక్కొక్కరే ఎక్కారు. అందరూ తిరిగి నోరీన్‌ని చూశారు.

ఆవిడ కుడి పక్కకి వెళ్ళింది.

"అటుపక్క నుంచా?" అన్నారెవరో.

"గుర్రానికి రెండు పక్కలుంటాయి కదయ్యా," అంది. కుడి కాలు రికాబులో పెట్టి, జూలు పట్టి, ఒక్క ఊపున లేచింది. పొట్ట జీను మీదికి చేరింది. ఎడమ కాలు వెనక నుంచి పైకి వస్తోంది, వస్తోంది, జీను వెనక చుట్టి కట్టిన వానకోటుకి బూటు తగులుకుంది. తుంటి అంతకు మించి లేవనంది. అలా కాసేపు వేలాడి, మెల్లగా జారి, బురదలో కూర్చుండిపోయింది.

టాఫీ అంగుళం కదల్లేదు. అది గమనించింది నోరీన్ ఒక్కర్తే.

"కింద పడ్డా పైచేయి నాదే అనక్కా," అన్నాడు బ్రూనో. నవ్వించాలని చూశాడు.

పక్క గుడారంలో పట్నంవాళ్ళు దిగారు. అందులోంచి ఒక అమ్మాయి మడత స్టూలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "పెద్దమ్మా, దీని మీద నిలబడి ఎక్కండి."

పడటం కంటే ఆ స్టూలు ఎక్కువ నొప్పి పెట్టింది. పిల్ల మంచిదే. అయినా దాన్ని చూస్తే నోరీన్‌కి ఒళ్ళు మండిపోయింది. "మీరే కూర్చోండమ్మా," అంది లేస్తూ. "చూడాల్సింది ఇంకా ఉంది."

"వదినా, చాల్లే," అన్నాడు కోలిన్ మెల్లగా. "మాట మాటే."

"మాట మాటే. మీరు పదండి."

"నువ్వు?"

"నడిచొస్తాను. మీ నాన్న నడవొద్దన్నాడా?"

"పైదాకానా? ఆ తుంటితోనా?"

"తుంటి నాది. నీకేం నొప్పి?"

కోలిన్ ముఖం ఎర్రబడింది. గుర్రాన్ని తిప్పాడు. ఉండిపోతానన్న బ్రూనోని నోరీన్ కసిరి పంపింది.

వాగు దాటేటప్పుడు బూట్ల నిండా నీళ్ళు చేరాయి. ఒకచేత్తో కళ్ళెం, ఇంకో చేత్తో కర్ర. అవతలి ఒడ్డు ఎక్కాక ఎవరూ లేరుగనక ఏడ్చింది. కోలిన్‌ని తిట్టుకుంది, డాక్టర్ని తిట్టుకుంది, ఏ తోడూ లేకుండా వదిలిపోయినందుకు లెస్‌ని కూడా నాలుగు తిట్టింది. తిట్టినకొద్దీ కాలు ముందుకి పడింది.

వాగు దాటాక దారి కొండ పక్కని కోసుకుంటూ పైకి పోతుంది. ఎడమ చేతి పక్క లోతు, కుడి చేతి పక్క మట్టి గట్టు. యాభై ఏళ్ళుగా గుర్రం మీద కూర్చుని ఆ దారిన వెళ్ళిన మనిషి ఎప్పుడూ ఆ గట్టుని పట్టించుకోలేదు. ఇవాళ నడుస్తుంటే అది భుజానికి రాసుకుంటోంది. ఒక మలుపులో వానకి మట్టి జారి గట్టు నడుమెత్తుకి దిగి ఉంది. అక్కడ చెట్టువేరు ఒకటి బయటికి తేలింది.

నోరీన్ ఆగింది. గట్టునీ టాఫీనీ మార్చి మార్చి చూసింది. కుడి పక్క. వేరు పట్టుకుని, మోకాళ్ళ మీద పాకి గట్టెక్కి నిలబడింది. జీను ఆవిడ మోకాలికి సరిగ్గా ఉంది. ఎడమ పక్క తప్ప ఎరగని గుర్రమైతే అటు లోతులోకి బెదిరి దూకేది. టాఫీ చెవులు కదిలించింది, అంతే. నోరీన్ మంచమెక్కినట్టు కాలు అటు వేసి కూర్చుంది.

జూలులో వేళ్ళు దూర్చి, "నా తల్లీ," అంది. తర్వాత ఒక్కర్తే పకపకా నవ్వింది.

పై మలుపులో కోలిన్ ఎదురొచ్చాడు. కోపంతో వెళ్ళినవాడు మనసొప్పక తిరిగొచ్చినట్టున్నాడు.

"ఎట్లా ఎక్కావు?"

"కాళ్ళతో."

"ఎవరెక్కించారు?"

"కంగారూలు."

"వదినా!"

"గట్టు మీంచి ఎక్కానయ్యా."

"గట్టు మీంచైతే లెక్క కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది."

"గట్టు నేను ఇంటినుంచి తెచ్చానా? నేల మీంచి అన్నాడు మీ నాన్న. నేలంటే పల్లంలోదే అన్నాడా? గట్టూ నేలే, కొండా నేలే. పక్కకి జరుగు."

కోలిన్ మీసం కొరుక్కుంటూ పక్కకి జరిగాడు. "గుడిసె దగ్గర గట్టు లేదు," అన్నాడు వెనకనుంచి. "దిగావంటే మళ్ళీ ఎక్కలేవు."

"గట్టొచ్చేదాకా నడుస్తాను. పొద్దున నడవలేదా?"

గుడిసె దగ్గర బ్రూనో టీ కప్పుతో ఎదురొచ్చి, "దిగకక్కా, పైకే అందిస్తా," అన్నాడు. నోరీన్ దిగింది. గడ్డిలో కూర్చుని చల్లటి మాంసం పెట్టిన రొట్టె తింది, బ్రూనో సాసేజీ కూడా సగం లాక్కుని తింది. తింటూ తింటూ తలెత్తి చూస్తే, దిగనివాడు కోలిన్ ఒక్కడే. గుర్రం మీదే టీ తాగాడు, గుర్రం మీదే రొట్టె తిన్నాడు. పొద్దున అందరూ లేవకముందే ఎక్కి కూర్చున్నాడు. తన కోసం వెనక్కి వచ్చినప్పుడూ దిగలేదు. రికాబు పైన అతని మోకాలు కొయ్యలా బిగిసి ఉంది.

నోరీన్‌కి అంతా అర్థమైంది. జాలి వేసింది గాని, జాలి కంటే ముందు నోరు లేచింది.

"ఏమయ్యా మరిదీ, పొద్దున్నుంచీ దిగలేదు. చెట్టు వెనక్కి వెళ్ళే పనికూడా లేదా నీకు?"

అందరూ గొల్లుమన్నారు. కోలిన్ నవ్వలేదు. అతనికి ఆ పని గంట నుంచీ ఉంది.

బయల్దేరే వేళకి అందరూ ఎక్కారు. నోరీన్ కళ్ళెం పట్టుకుని ఎవరివైపూ చూడకుండా నడక మొదలుపెట్టింది. కోలిన్ పక్కనుంచి వెళ్తూ, అతనికి మాత్రమే వినపడేట్టు, "గట్టు దగ్గర ఇద్దరికి చోటుంది," అంది.

కొంత దూరం వెళ్ళాక వెనక బూట్ల చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే కోలిన్ చెట్టు వెనకనుంచి, ముఖమంతా తేటపడి, గుర్రాన్ని నడిపించుకుంటూ వస్తున్నాడు.

"ఎన్నాళ్ళయింది?" అంది నోరీన్.

"రెండేళ్ళు. బండి వెనక తలుపు మీంచి ఎక్కుతున్నాను. ఎవరూ చూడకుండా."

"నన్ను పొయ్యి దగ్గర కూర్చోమన్నావు."

"నిన్ను కూర్చోబెడితే నన్నెవరూ చూడరనుకున్నాను," అన్నాడు. ఆ మాటకి నోరీన్‌కి చాలా కోపం వచ్చింది. మలుపు దాకా అతనితో మాట్లాడలేదు.

దిగేటప్పుడు గట్టు ఎడమ చేతి పక్కకి వస్తుంది. కోలిన్‌కి అదే వాటం. వేరు పట్టుకుని పైకి పాకి, గుర్రం మీద కూర్చున్నాడు. కూర్చుని, అటూ ఇటూ చూసి, "గట్టూ నేలే కదా వదినా," అన్నాడు.

నోరీన్ టాఫీని వెడల్పుగా ఉన్నచోటుకి తీసుకెళ్ళి, గట్టు మళ్ళీ కుడి పక్కకి వచ్చేట్టు ఎగువకి తిప్పింది. "పట్టుకోనా?" అని కోలిన్ చెయ్యి చాపాడు.

"తాకావంటే చూడు."

ఎక్కింది. టాఫీని మళ్ళీ దిగువకి తిప్పి, మరిదిని దాటుకుని ముందు నడిచింది.

కిందకి చేరేసరికి పొద్దు వాలింది. ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుని ఇంకా చూస్తూనే ఉంది. రాళ్ళ మధ్య పొయ్యి ఎప్పుడో చల్లారిపోయింది. ఆ ఏడు దాని దగ్గర కూర్చోవడానికి మనిషి దొరకలేదు మరి.