నొప్పి రాకముందే గోలీ

మొయినాబాద్ దగ్గర మాది గులాబీ తోట, ప్లాస్టిక్ కప్పు వేసిన పాలీహౌస్. పూలు నేను కోసి కట్టలు కడతాను. మా ఆయన వాటిని బండిలో వేసుకొని తెల్లవారకముందే నగరంలోని మార్కెట్‌కు పోతాడు. వచ్చి, తిని, పడుకుంటాడు. ఆయన లేచేసరికి నేను తోటలో ఉంటాను. ఉండేది ఒకే ఇంట్లో గానీ, కూర్చుని మాట్లాడుకునేది తక్కువ.

నా తలనొప్పి సంగతి ఆయనకు అందుకే తెలియదు. చేవెళ్లలో డాక్టరమ్మకు చూపించుకుంటే గోలీలు రాసి, నొప్పి వచ్చినప్పుడే వేసుకోమంది. వేసుకున్న కాసేపటికి తల తేలికపడేది. అయితే నేను గులాబీలు పెంచేదాన్ని. బూడిద తెగులు ఆకు మీద కనిపించాక మందు కొడితే ఏం లాభం? కనిపించకముందే కొట్టాలి. తలకూ అదే పద్ధతి అనుకున్నాను. పొద్దున కోతకు పోయేముందు ఒకటి, ఎండెక్కితే ఇంకొకటి. మెడికల్ షాపులో మొదట్లో పాత చీటీ చూపించేదాన్ని, తర్వాత వాళ్లు అడగడమే మానేశారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రానురాను గోలీ పడనిదే కళ్లు తెరవలేని స్థితి వచ్చింది. గోలీలు కొంగున ముడేసుకోకుండా గడప దాటేదాన్ని కాదు. భయపడి మళ్లీ చేవెళ్ల పోయాను. డాక్టరమ్మ అంతా విన్నది.

"ఇప్పుడొచ్చే నొప్పి ఈ గోలీలు ఎక్కువైనందుకే వస్తున్నదమ్మా. ఆపితే ముందు ఇంకింత ఎక్కువైతది, ఆ తర్వాత తగ్గుతది. ఆ కొన్నిరోజులు ఇంట్ల ఎవరన్న నీతోని ఉండాలె. ఉన్నరా?"

ఉన్నారన్నాను. ఇంకేం చెప్పాలి?

ఆ సాయంత్రం మా ఆయన అన్నం తింటుంటే విషయం చెప్పి, కొన్నాళ్లు మార్కెట్‌కు పోకుండా ఉండమన్నాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"నువ్వు మంచిగనే ఉన్నవు గదా. ఇన్నేండ్ల సంది ఒక్కరోజన్న పండుకున్నవా?"

పడుకోలేదు. గోలీలు పడుకోనిస్తే కదా. పైగా పెళ్లిళ్ల రోజులు, పూలకు మంచి గిరాకీ. కోతకు కూలీలను మాట్లాడి ఆయన బండి తీశాడు. నాకు ఒళ్లు మండింది.

గోలీలు ఆపేసి, తలకు గుడ్డ బిగించుకొని, కిటికీకి చీర అడ్డం కట్టి పడుకున్నాను. వాంతులు, వణుకు. మెడికల్ షాపు అంత దగ్గర ఉన్నందుకు దాన్నీ తిట్టుకున్నాను. మంచినీళ్లు కావాలన్నా నేనే లేవాలి. అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను. ఆయన గుమ్మంలో నిలబడి తిన్నావా అని అడిగి పోయేవాడు. జ్వరమని అందరికీ చెప్పాడట.

ఎట్లాగో గట్టెక్కాను. ఇప్పుడు నొప్పి ఎప్పుడో గానీ రాదు. మొన్న పూలు కోస్తుంటే, పొద్దుటినుంచి తల సంగతే గుర్తుకు రాలేదని తట్టింది. ఏడుపు వచ్చేంత సంతోషం. ఎవరికైనా చెప్పాలని ఇంటికి పోయాను. ఆయన అప్పుడే లేచి చాయ్ తాగుతున్నాడు.

"ఇయ్యాల నాకు తల నొస్తలేదు" అన్నాను.

ఆయన కప్పు దించి నా వైపు చూశాడు.

"ఎందుకు నొస్తది?" అన్నాడు.