శిఖం ఎక్కిన రోజు

చెరువులో ఎవరైనా పడతారు. నేను మాత్రం ఇరవై మంది అధికారులను చెరువు నడిమధ్యన నిలబెట్టి, ఇది గుట్ట అని గంటసేపు పాఠం చెప్పాను. కడుపుబ్బా నవ్వుకోండి, నాకు అలవాటే.

కరువు రోజులవి. మేడిపల్లి దగ్గర ఒక ఊళ్లో సగం ఇళ్లకు తాళాలే. జనం పనుల కోసం భివండికో దుబాయికో వెళ్లిపోయారు. వేరే జిల్లాల నుంచి కొత్తగా వచ్చిన అధికారులకు నీటి సంరక్షణ నేర్పడం నా ఉద్యోగం. నేనూ కొత్తే. కందకాలు గుట్ట మీద నుంచి మొదలుపెట్టాలని చదువుకున్నాను. ఊరి పటంలో ఒకచోట 'శిఖం' అని కనిపించింది. శిఖరమే, రాసినవాడు 'ర' మింగేశాడనుకున్నాను. ఇక్కడ శిఖమంటే చెరువు నీళ్లు నిలిచే నేల అని నాకెవరు చెప్పారు?

జీపులు దిగాం. నేల చాపలా చదునుగా ఉంది.

"ఇదేం గుట్టండీ?" అన్నాడో ఇంజనీరు.

"అరిగిపోయిన గుట్ట," అన్నాను ధైర్యంగా. దూరంగా కనిపించే చెరువు కట్టను పాత రోడ్డని కూడా చెప్పాను. సాయంత్రం మంజూరు కాగితాల మీద సంతకాలైతే కందకాలు అక్కడే తవ్వేస్తారు.

అంతలో మేకలు తోలుకుంటూ రాజవ్వ వచ్చింది. ఆమె పెనిమిటి ఊరి నీరటి. చెరువు తూము తీసి పొలాలకు నీళ్లు పంచేవాడు. ఆయన పోయాక ఆ పని ఆమెదే.

"ఏం జేస్తున్రు సారూ?"

"గుట్ట మీద కందకాలమ్మా."

"ఇది చెర్వు గదా కొడుకా. నిండితె నీ నెత్తి మీదికెల్లి పోతయి నీళ్లు."

అధికారులు ముందు నా మొహం చూసి, తర్వాత నవ్వారు. రాజవ్వ నవ్వలేదు.

"గిది నిండితెనే నా బిడ్డ, అల్లుడు భివండికెల్లి వాపసొస్తమన్నరు. అచ్చిన పని గీడ జేసి ఆగం జెయ్యకుండ్రి. రాండ్రి, నీళ్లు యాడికెల్లి అస్తయో చూపిస్త."

అసలు గుట్ట మైలు దూరంలో ఉంది. రాజవ్వ చెప్పుల్లేని కాళ్లతో ఎక్కి, మేకల కర్రతో మట్టి మీద గీత గీసుకుంటూ పోయింది. నేను లెవెల్ యంత్రం పెట్టి చూశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత ఒకే ఎత్తులో ఉంది, కందకానికి కావాల్సింది సరిగ్గా అదే. నమ్మకం కుదరక మళ్లీ చూశాను.

"ఎట్లా తెలిసింది అవ్వా?"

"ఎట్ల తెల్వది? వాన పడ్డప్పుడల్ల నీళ్ల ఎంబడి నడిచినోల్లం."

దండం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. కందకాలు ఆ గీత వెంబడే తవ్వాలని సంతకాలు పడ్డాయి.

మరుసటేడు వానలకు చెరువు నిండి మత్తడి దుంకింది. రాజవ్వ ఫోన్ చేసింది. "సారూ, బిడ్డ, అల్లుడు అచ్చిన్రు. నీ గుట్ట మునిగింది, సూడనీకి రా."

ఫోను చెవి దగ్గర ఉండగానే ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఏ ఊళ్లో పాఠం చెప్పాల్సివచ్చినా, వానాకాలంలో నేనిక్కడ మునుగుతానా తేలుతానా అని ఆ ఊరి మనిషిని అడిగాకే నోరు తెరుస్తాను.