జాలి కాదు, తుమ్మ చెక్క

"వగరున్నదా?"

"ఉన్నది."

"నాలుక గుంజిందా?"

"గుంజింది."

"అయితే పొయ్యి మీద పెట్టు."

నాకూ నా పెనిమిటికీ మధ్య ఆఖరుగా జరిగిన మాటలు ఇవే. ఏదో గొప్ప మాట చెప్పి పోయుంటాడని చుట్టాలు నన్ను గుచ్చి గుచ్చి అడిగారు. ఆయన అలాంటిదేమీ చెప్పలేదు. పొద్దుటి ఎండ అప్పుడే అరుగు మీదికి వస్తోంది. ఆయన మంచంలో దమ్ముతో, ఊపిరందక కూర్చోలేక, పడుకోలేక ఉన్నాడు. గద్వాల దవాఖాన నుంచి తెచ్చిన మందులు తలగడ పక్కన ఉన్నాయి. పక్కింటి లేగదూడకు పారుడు పట్టుకుని కడుపు నీళ్లలా జారుతుంటే నేను తుమ్మ చెక్క కొట్టుకొచ్చి, చిన్న ముక్క నోట్లో వేసుకుని నిలబడ్డాను. నీళ్లు సగానికి మరిగాక, కుండ దించి వచ్చి చూసేసరికి ఆయన లేడు. దూడ మాత్రం బతికింది. ఇప్పుడది పాలిచ్చే ఆవు.

ఇది రాస్తున్నది మా బావ కోడలు. బావ అంటే నా పెనిమిటికి అన్న. నాకు చదువు రాదు. బడికి పోయిన ఆ కొద్ది కాలంలో నేను నేర్చిందల్లా పలకకు ఆకు రుద్దడం. పలకాకు పసరు పూస్తే పలక నల్లగా నిగనిగలాడి అక్షరాలు తెల్లగా కనపడేవి. అక్షరాలు మరిచిపోయాను, ఆకును మరిచిపోలేదు. కొడవలికి వేలు తెగితే ఆ పసరే పిండాలని, నెత్తురు నిలుస్తుందని పెళ్లయ్యాక తెలిసింది. చదువు నన్ను వదిలినా పలకాకు వదల్లేదు.

మా పుట్టిల్లు తెలకపల్లి దగ్గర. ఇచ్చింది గట్టు అనే ఊరి వైపు, గొర్లున్న ఇంటికి. మా అత్త కన్నడం వైపు నుంచి వచ్చిన మనిషి. కొత్త కోడలిగా వచ్చిన ఏడు, వినాయక చవితికి "తుంబె తెంపుకరా పో" అని పంపింది. నేను పోయి తుమ్మ కొమ్మ విరుచుకొచ్చాను, ముళ్లతో సహా. చేతుల నిండా గీతలు. ఆమె అడిగింది తుమ్మికూర. వాళ్ల వైపు దాన్ని తుంబె అంటారు. "దీన్ని వండితే మీ మామ గొంతుల ముల్లు గుచ్చుకొని పండుగ ఇంట్లనే దినాలు చేసుకుందుము" అని మా అత్త పడీ పడీ నవ్వింది.

నా పెనిమిటి నవ్వలేదు. నన్ను చేను గట్టు మీదికి తీసుకుపోయి, కళ్లు మూసుకోమని నాలుక మీద ఏదో పెట్టాడు. కొత్త పెళ్లికూతురిని కదా, నేనింకేదో అనుకున్నాను. నోరంతా కారం, ముక్కులోంచి నీళ్లు. అది తుమ్మి ఆకు. తర్వాత ఇంకో ముక్క పెట్టాడు. నాలుక బిగుసుకుపోయి అంగిలికి అంటుకుంది. అది తుమ్మ చెక్క.

"పేరుకేముందే, ఊరు దాటితే మారుతది. నాలుకకు మారదు గద" అన్నాడు.

వాళ్ల ఇంట్లో మందు పేరు పైకి అనరు. అంటే దాని బలం పోతుందని వాళ్ల తాతల నాటి పట్టింపు. కూరకైతే పేరు చెప్పొచ్చు, మందుకు చెప్పకూడదు. అందుకని ఆయన నాకు ఒక్క మందు పేరూ చెప్పలేదు. గుణం చెప్పాడు. వగరు పట్టి ఉంచుతుంది, పారేదాన్ని ఆపుతుంది, పుండును ముడుస్తుంది. కారం విప్పుతుంది, గడ్డకట్టిన కఫాన్ని కదిలిస్తుంది. చేదు కడుగుతుంది, ఒంట్లో కాకను దించుతుంది. ఒక్కోసారి ఒకే ఆకులో రెండుంటాయి. ముందు చేదు తగిలి, వెనక నుంచి వగరు వస్తుంది. ఆ వెనక వచ్చేదాని కోసం ఆగాలి, తొందరపడి ఉమ్మకూడదు. రోజూ నేను గట్టు మీద కళ్లు మూసుకుని నములుతుంటే మా అత్త ఊరంతా వినేట్టు కొడుకును అడిగేది, "ఒరే, నువ్వు పెండ్లామును తెచ్చినవా, మేకను తెచ్చినవారా?" అని.

అన్నీ నోట్లో పెట్టుకునేవి కావు. జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు నాలుక దాకా రానీయలేదు. వాటిని కంటితోనే గుర్తుపట్టించాడు. నేల ఉసిరికైతే ఆకుల కింద వరసగా ఆవగింజంత కాయలుండాలి, కాడ విరిస్తే పాలు రాకూడదు. పాలొస్తే అది దాని పోలికతో పుట్టిన వేరే మొక్క. చెక్క కొట్టేటప్పుడు మాను చుట్టూ గీయకుండా ఒక పక్కనే కొట్టి, కొట్టిన చోట మట్టి మెత్తేవాడు. "దానికీ గాయమే గద" అనేవాడు. వాన పడుతుంటే చెక్క కొట్టేవాడు కాదు, గుణం పలచబడుతుందని. ఇవన్నీ నాకు ఎప్పుడు వచ్చాయో తెలియదు. ఒకనాటికి ఆయన అడగడం మానేసి, నేను చెప్పింది వినడం మొదలుపెట్టాడు. ఆఖరి ఏళ్లలో ఆయనకు దమ్ము వచ్చి గట్టు ఎక్కలేకపోతే అడవికి పోయింది నేనే, నూరింది నేనే. ఆయన మంచంలోంచి అడిగేది ఒక్కటే, వగరున్నదా అని.

కానీ ఊరి లెక్కలో అవన్నీ ఆయన చేతి మందులు.

ఆయన పోయాక మా బావ వచ్చి మందు నూరే కల్వం తీసుకుపోయాడు. మందు మగవాళ్ల వరసలో పోవాలట. నన్ను తిట్టలేదు, కసరలేదు. గింజలు పంపిస్తాను, ఇంటిపట్టున ఉండు, ఇంక ఆకులూ గీకులూ వద్దు అని తన భార్యతో, అంటే మా యారాలితో చెప్పించాడు. జాలిపడ్డాడు. నాకు ఆ జాలే ఎక్కువ మండింది. మా వీధి చివరి అవ్వయితే ఇంకా ఖరాఖండిగా చెప్పింది, మొగడు పోయినామె చేతి మందు అచ్చిరాదని. నా పొయ్యి మీద మందు మరుగుతుండగానే నా మొగడు పోయాడు కదా, ఇంకేం రుజువు కావాలి వాళ్లకు? జబ్బు చేసిన మేకను తోలుకొచ్చినవాళ్లు నా గడప ముందు నుంచే బావ ఇంటికి పోయేవాళ్లు. నేను లోపల కూర్చుని, ఇక నా నాలుకకు సంకటి రుచి తప్ప పని లేదనుకున్నాను.

తొలకరి పడింది. లేత గడ్డి మేసి బావ గొర్రెపిల్లలకు పారుడు పట్టుకుంది. ఆ ఏడు మందలో పిల్లలే ఆయన ఆశ. పారుడుకు తమ్ముడు ఏ చెక్క వాడేవాడో బావకు తెలియదు. పేరు అనని ఇల్లు కదా. రాయచూరు వైపు ఉన్న బామ్మర్దికి ఫోన్ చేశాడు. ఆయన జాలి చెక్క కాచి పొయ్యమన్నాడు. అక్కడ తుమ్మను జాలి అంటారు. సర్కారు తుమ్మనూ జాలే అంటారు, ముందు బళ్లారి అని ఒక మాట తగిలిస్తారు. ఆ ముందు మాట బామ్మర్ది అనలేదు, బావ అడగలేదు. దగ్గర్లో కంచె పొడుగునా ఉన్న సర్కారు తుమ్మ మీద గొడ్డలి వేశాడు.

పోసిన కొద్దీ పారుడు ఆగలేదు. ఒక పిల్ల పోయింది. పశువుల డాక్టరుకు కబురు పోయింది, ఆయన వేరే ఊళ్లో మందల దగ్గర ఉండి మర్నాడు వస్తానన్నాడు. అప్పుడు మా యారాలు వచ్చి నా గడపలో నిలబడింది. "జర వచ్చి చూడరాదే చెల్లె. ఆయనకు నేను చెప్పుకుంట" అంది.

పోయాను. వాకిట్లో చెక్క ముక్కలు పడి ఉన్నాయి. ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాను. వెనక నుంచి వచ్చేదాని కోసం ఆగాను. ఏమీ రాలేదు. ఉత్త చేదు.

మా దగ్గర తమ్ముడి భార్య బావతో ఎదురుగా మాట్లాడదు. కొంగు కప్పుకుని యారాలికి చెప్పినట్టు చెప్పాలి. "అక్కా, ఇది ఆ చెక్క గాదని చెప్పు" అన్నాను. బావ నాకు చేతికందే దూరంలోనే నిలబడి ఉన్నాడు. "ఇది జాలి చెక్కనే, మా బామ్మర్ది చెప్పిండని మీ చెల్లెకు చెప్పు" అన్నాడు. యారాలు తల అటూ ఇటూ తిప్పుతోంది. పక్కన ఒక గొర్రెపిల్ల కాళ్లు మడుచుకుని కూలబడింది. ఇక నాకు ఓపిక పోయింది. కొంగు వెనక్కి తోసి బావ ముఖంలోకే చూశాను. పెళ్లయిన ఇన్నేళ్లలో అదే మొదలు.

"నీ జాలి నాకొద్దు బావా. పిల్లలకూ వద్దు. తుమ్మ చెక్క గావాలె."

జాలి అన్నది బామ్మర్ది మాట. ఆ ఇంటి మందు పేరు ఆ ఇంట్లో పైకి వచ్చింది మాత్రం అదే మొదలు. యారాలు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

బావ ఏదో అనబోయాడు. నేను ఆగలేదు. వాగు ఒడ్డు నల్లతుమ్మ నుంచి ఒక పక్క చెక్క కొట్టి, మట్టి మెత్తి, తెచ్చాను. ఆయన కొట్టిందొకటి, నేను తెచ్చిందొకటి, రెండు ముక్కలు ఆయన ముందు పెట్టాను. "నా మాట నమ్మకు. నీ నాలుకనే అడుగు" అన్నాను. ముందు తన ముక్క నమిలాడు, భుజం ఎగరేశాడు. తర్వాత నాది నమిలాడు. చూస్తుండగానే బుగ్గలు లోపలికి పోయాయి, మూతి ముడుచుకుంది. అంతసేపు బామ్మర్ది బామ్మర్ది అన్న నాలుక అంగిలికి అంటుకుపోయింది. యారాలు కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతుంటే నవ్వుతోందని తెలిసిపోయింది.

కషాయం దించి చల్లార్చాక ఇంకో అడ్డం వచ్చింది. కాచింది నేను, బాగానే ఉంది. పోసేది ఎవరు? యారాలు మెల్లగా, "నేను పోస్త తియ్యే" అంది. మంచి మనసుతోనే అంది. తను ముత్తైదువ. పిల్లలు బతికితే ఆమె చెయ్యి మంచిదంటారు. నేను పోశాక ఒక్కటి చచ్చినా, ఈ జన్మలో మళ్లీ ఎవరికీ మందు ఇవ్వలేను. నాకది బాగా తెలుసు. గిన్నె నా చేతిలోనే ఉంది.

"నా చేత్తోనే పోస్త" అన్నాను.

బావ వంగి పిల్ల దవడ తెరిచి పట్టుకున్నాడు. ఆయన పట్టుకుంటే నేను పోస్తూ పోయాను, ఒక్కోదానికి పుక్కిట పట్టేంత. మధ్య మధ్య ఉప్పు, బెల్లం కలిపిన గంజి తాగించాను, ఆరిపోయిన ఒంటికి నీళ్లు ముఖ్యం కనుక. మర్నాడు డాక్టరు వచ్చి కడుపులో పురుగులు పోయే నట్టల మందు పోశాడు. నేనేం పోశానో అడిగి, నాలుగు రోజులు తడి గడ్డి మీదికి తోలొద్దని చెప్పి పోయాడు. ఆ మాటా మంచిదే.

డాక్టరు రాకముందే, తెల్లారగానే నేను దొడ్లోకి పోయాను. చెప్తే నవ్వుతారు, పెంటికల కోసం పోయాను. పారుడు ఆగింది, నేల మీద నల్లగా, గుండ్రంగా, మిరియాలు చల్లినట్టు పెంటికలు. అంత అందమైనది నేను ఆ ఏడు ఇంకోటి చూడలేదు. కూలబడిన పిల్ల తల్లి పొదుగును కుమ్ముతోంది. అక్కడే కూర్చుని ఏడ్చాను, నవ్వాను. గొర్లు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాయి.

ఆ పగలు, ఊరంతా వీధిలో ఉన్న వేళ, బావ కల్వం భుజాన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఎవరితోనైనా పంపొచ్చు, పంపలేదు. గడప దగ్గర నిలబడి, వెంట వచ్చిన యారాలి వైపు కాదు, నా వైపు చూసి అడిగాడు.

"యాడ పెట్టాలె?"

"పొయ్యి పక్కన పెట్టు బావా. దాని జాగ అదే."

ఇప్పుడు వీపనగండ్ల నుంచి కూడా వస్తారు, వనపర్తి సంతకు వచ్చినవాళ్లు మా ఇల్లు కనుక్కుంటూ వస్తారు. నాకు చేతనైనది ఇస్తాను, కానిదానికి దవాఖానకు తోలుతాను. వీధి చివరి అవ్వ కూడా వచ్చింది, మోకాలు పట్టుకుని. నేను వదులుతానా? "నా చెయ్యి అచ్చిరాదంటివి గద అవ్వా" అన్నాను. ఆమె ముఖం కూడా చిట్లించలేదు. "అంటి. చెయ్యి నీదైతే ఏంది, మోకాలు నాది గద. జల్ది కట్టు" అంది. వావిలాకు వెచ్చబెట్టి కట్టాను. పోతూ పోతూ ఇంకో మోకాలికి రేపు వస్తానంది.

పేరు అంటే బలం పోతుందన్నారు కదా. నేను అన్నాను, తుమ్మ వగరు అలాగే ఉంది. అందుకని ఇప్పుడు అడిగినవాళ్లకల్లా పేరు చెప్తాను, మా తెలకపల్లి పేరు, ఈ గట్టు పేరు, ఆ కన్నడం పేరు, అన్నీ. కానీ పేరు చెప్పి ఊరుకోను. కళ్లు మూసుకోమంటాను. మొన్న ఈ రాసే పిల్లకు కూడా పెట్టాను, దాని మూతి వాళ్ల మామ మూతిలాగే ముడుచుకుపోయింది.

రాసినవా బిడ్డా, మూతి సంగతి గూడ రాసినవా? మంచిది. జాలి అన్న కాడ జాలి, తుమ్మ అన్న కాడ తుమ్మ పడ్డదో లేదో నాకు కండ్లతోని తెల్వదు, చెవులతోని పట్టుకుంట. ఏదీ, వగరున్నదా అన్న కాడికెల్లి చదువు, నేను కండ్లు మూసుకుంట.