పెదనాయన పేరు ఆరిపోయిన బోర్డు

నా చిన్నప్పుడు ఆత్మకూరు బజారులో చీకటి పడితే ఎర్రగా వెలిగే నియాన్ బోర్డు మా గుడ్డల అంగడికి ఒక్కదానికే ఉండేది. మా పెదనాయన, మా నాయన కలిసి నడిపే అంగడి అది. గాజు గొట్టాలను అక్షరాలుగా వంచి, ఇద్దరి పేర్లూ పక్కపక్కన వచ్చేట్టు మద్రాసులో చేయించారు. పెదనాయన పేరు బారెడు, నాయన పేరు జానెడు. బస్సు దిగినవాళ్లు నోరు తెరుచుకుని చూస్తుంటే మాకు ఒకటే గర్వం.

ఆ గర్వం ఎంతోకాలం నిలవలేదు. పెదనాయన పేరు కొన్నాళ్లు మిణుకుమిణుకుమని, ఒకనాడు పూర్తిగా ఆరిపోయింది. నాయన పేరు మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. ఇంక బజారు ఊరుకుంటుందా? తమ్ముడు అన్నను మింగేశాడని నవ్వులాట మొదలుపెట్టారు. పెదనాయన పైకి నవ్వేవాడు గానీ, ఇంటికొచ్చి అన్నం సగంలోనే లేచిపోయేవాడు.

మా అమ్మకు అన్న, మా మామ, ఉదయగిరి పోస్టాఫీసులో గుమాస్తా. జీతం అక్కడ, ప్రాణం మాత్రం నియాన్ గొట్టాలకు కరెంటు పెంచి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ల మీద. పాడైనవి ఎక్కడెక్కడివో తెచ్చుకుని సరదాకు బాగుచేసేవాడు. ఆయన ఆదివారం వచ్చి, మా పెరట్లో పొయ్యి వెలిగించి, ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలో పోసిన తారంతా కరిగించి, లోపల మాడిపోయిన తీగచుట్టను తీసి ఇంకొకటి బిగించాడు. ఆ కంపుకు అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిట్టిపోసింది. కరెంటు పెట్టి చూసేటప్పుడు మామ చెక్కబల్ల ఎక్కి, ఎడమచేయి వీపు వెనక్కి పెట్టుకునేవాడు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెలోంచి పోతుందట. పిల్లలం గడప దాటితే వీపు పగిలేది.

పేరు వెలిగింది. కొన్నాళ్లకు మళ్లీ అదే పేరు ఆరింది.

ఈసారి పెదనాయన నవ్వలేదు. మామను నిలబెట్టి, "ఏందయ్యా, నీ చెల్లెలి మొగుడి పేరు ఒక్కనాడన్నా ఆరిపోయిందా?" అన్నాడు. మా నాయన ముఖం మాడిపోయింది. మాటకు మాట పెరిగి, అంగడిని రెండు చేసుకుందాం, ఇంటికి నడిమధ్య గోడ పెట్టుకుందాం అనేదాకా వచ్చింది. పెదనాయన కూతురైన మా అక్కా, నేనూ ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకే దుప్పటిలో పడుకున్నాం. గోడ వస్తే తను అటు, నేను ఇటు. ఆ రాత్రి ఇద్దరం ఏడ్చి ఏడ్చి నిద్రపోయాం.

మామ తగాదాలో తలదూర్చలేదు. మళ్లీ ఆదివారం బోర్డు కిందికి దింపించి, నాకూ అక్కకూ నూలు దారం ఉండ ఒకటి ఇచ్చి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా గాజు గొట్టం ఎన్ని వంకర్లు తిరిగితే అన్ని వంకర్ల మీదా దారం పరవమన్నాడు. తర్వాత ఆ దారాన్ని సగానికి మడిచి, మడత దగ్గర ముడి వేసి, మళ్లీ బోర్డు మీద పరిచాడు. ముడి రెండు పేర్ల మధ్యకు రాలేదు. పెదనాయన పేరులోనే పడింది.

"ఈ ట్రాన్స్‌ఫార్మర్లో రెండు తీగచుట్టలుండాయి బావా. చెరిసగం మోయాల. బోర్డు చేసినోడు పేరుకొక చుట్ట ఇచ్చినాడు. నీ పొడుగు పేరు మోయలేక ఆ చుట్ట మాడిపోతా ఉండాది. రెండోది హాయిగా కూచోనుండాది. ఎవురూ ఏమీ చేయలా" అన్నాడు మామ.

"అయితే నా పేరులో అక్షరాలు వాడి చుట్ట మోస్తాదా?" అన్నాడు పెదనాయన.

"మోస్తాది. పైకి ఎవురికీ కనపడదు."

నాయన వంగి, ఆ ముడిని చాలాసేపు చూశాడు. మామ మాడిన చుట్ట తీసి ఇంకొకటి వేసి, రెండు పేర్ల మధ్య ఉన్న తీగను ముడి ఉన్నచోటికి మార్చి కలిపాడు. ఆ సాయంత్రం అక్కా నేనూ చేతులు పట్టుకుని అంగడి ముందు నిలబడ్డాం. రెండు పేర్లూ వెలిగాయి, మిణుకు లేదు.

రాత్రి అన్నాల దగ్గర నాయన ఉన్నట్టుండి, "అన్నా, ఈసారి సరుకుకు మద్రాసు నేను పోతాలే" అన్నాడు. అప్పటిదాకా ప్రతిసారీ పెదనాయనే పోయేవాడు. రాత్రంతా బస్సులో కూర్చుని, మూటలు మోసుకుని, కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చేవాడు. మద్రాసు చూసొచ్చే అదృష్టవంతుడని పిల్లలం కుళ్లుకునేవాళ్లం. పెద్దవాళ్లకూ అది బరువని తోచలేదేమో.

పెదనాయన ముద్ద నోటి దాకా తెచ్చి ఆగాడు. "నీకు బేరం చేయను చేతగాదు రా" అన్నాడు. ముద్ద మింగి, "మొదటిసారి నాతో రా, చూపిస్తా" అన్నాడు. ఆ పూట ఆయన అన్నం మొత్తం తిన్నాడు. గోడ మాట మళ్లీ మా ఇంట్లో వినపడలేదు.

నాకు నోటి దురుసు ఎక్కువే, ఒప్పుకుంటాను. మొన్న మా కోడలు వంటింట్లో గిన్నెలు ఠంగుఠంగుమని పడేస్తుంటే ఒళ్లు మండి, నాలుగు దులుపుదామని, హాయిగా కూర్చున్న కుర్చీలోంచి లేచాను. గుమ్మం దాకా వెళ్లేసరికి ఆ నూలు దారం ముడి గుర్తొచ్చింది. ఇంకేమంటాను? కత్తిపీట ముందుకు లాక్కుని, వంకాయలు ఇటు పెట్టమ్మా అన్నాను.