అక్కకియ్యని బంతి

నాకు తెలిసిన ఒకే ఒక్క జపాన్ ఆటగత్తె పదకొండేండ్లు ఫుట్‌బాల్ ఆడి పట్టుమని పది గోల్స్ గూడ కొట్టలే. ఆ సంగతి ఆమె నోటితోనే విన్నప్పుడు మాకు నవ్వాగలే. అప్పుడు మేం పటాన్‌చెరు జూనియర్ కాలేజీ పిల్లలం, నోటికి అద్దూ అదుపూ లేకుండె. "మరి గిన్నేండ్లు ఏం చేసిండ్రు మేడం?" అని నేనే అడిగిన. ఆమె సైకిల్ స్టాండు వేసుకుంట ఒక్క ముక్క చెప్పింది. మా గోల్‌కీపర్ దాన్ని తెలుగుల చెప్పింది: "చూశారంట."

ఈ గోల్‌కీపర్ సర్కారు కంపెనీ క్వార్టర్ల పిల్ల. వాళ్లు కృష్ణా దిక్కునుంచి వచ్చినోళ్లు. ఆమె తెలుగు రేడియో వార్తల లెక్క ఉండేది, మేం మస్తు ఏడిపిచ్చేటోళ్లం. కానీ ఇంగ్లీషు వచ్చింది ఆమె ఒక్కదానికే. మేడంకు వచ్చిన ఇంగ్లీషు గూడ అంతంత మాత్రమే. ఇద్దరు కలిసి చేతులు తిప్పుకుంట ఎట్లనో ముచ్చట దాటిచ్చేటోళ్లు.

తొంభైల నడుమ సంగతిది. మేడం భర్త పెద్ద వ్యవసాయ క్యాంపస్‌ల జొన్న మీద పరిశోధన చేసేటోడు. ఆమెకు ఇంట్ల పొద్దుపోక సైకిల్ వేసుకొని తిరిగేది. బొంబాయి రోడ్డు మీద లారీల నడుమ సైకిల్ తొక్కే ఆడమనిషిని చూసుడు మాకదే మొదలు. మూడు రోజులు మా గ్రౌండు గోడ కాడ నిలబడి చూసి, నాలుగో రోజు లోపటికొచ్చింది. వచ్చేటప్పుడు గీత కాడ ఆగి, నడుం వంచి, గ్రౌండుకు దండం పెట్టింది. ఇగ ఈమె మన మనిషే అని మా అక్క అక్కడనే తేల్చేసింది.

మా జట్టుకు కెప్టెన్ అక్కనే. అసలు జట్టును నిలబెట్టిందే ఆమె. మొగపిల్లలు పారేసిన బంతిని చెప్పులు కుట్టే తాత తోని కుట్టిచ్చి, బతిమిలాడో బెదిరిచ్చో పదకొండు మందిని జమ చేసింది. అక్క సెకండియర్, నేను ఫస్టియర్. ఆమె ఉరికితే జింకనే. నేనేమో ఉరకలేను గని అందరి తప్పులు కనిపెడ్త, కోపమెక్కువ. మేడం వారం రోజులు నన్ను చూసి, నడుమల ఆడమన్నది. అది ఆమె జాగ. మిడ్‌ఫీల్డర్.

మేడం చిన్నప్పుడు ఊర్లె ఆడపిల్లల జట్టు లేక మొగపిల్లలతోని ఆడిందట. పెద్దయినంక రేడియోలు చేసే ఫ్యాక్టరీల కొలువు. పొద్దంత పని, పని దిగినంక ఆ ఫ్యాక్టరీ ఆడోళ్ల జట్టుల ఆట. మోకాలు రెండుసార్లు పోయింది. ఆఖరికి కంపెనీకి గడ్డు రోజులొచ్చి జట్టునే మూసేసిండ్రట. మేం నోర్లు తెరుసుకొని విన్నం. ఫ్యాక్టరీకి పోయే ఆడోళ్లు అంటే మాకు తెలిసింది ట్యాబ్లెట్ల ప్యాకింగ్ వాళ్లే. ఎనిమిది గంటలు నిలబడి నిలబడి, బట్టలకు మందుల వాసనతోని ఇంటికొచ్చేటోళ్లు. ఆట ఆడే ఫ్యాక్టరీ ఈ లోకంల ఉన్నదంటే అక్క నమ్మలే.

ఆ ప్యాకింగ్ అంటేనే అక్కకు భయం, ఎందుకో చెప్పాలె. కంపెనీల మురికి దిగి మా బావిల నీళ్లు రంగు మారినంక మడి ఆగిపోయింది. నాయిన కంపెనీల షిఫ్టులకు పోవుడు పెట్టిండు. ఒక్కని జీతం తోని ఎల్తలేదని, ఇంటర్ కాంగనే అక్కను ప్యాకింగ్‌ల పెట్టనీకి మాట్లాడి వచ్చిండు. అంతల ఆ ఏడు ఒక ముచ్చట తెలిసింది. జిల్లా జట్టుల తీసుకున్న పిల్లలకు హైదరాబాద్‌ల ఒక కాలేజీ, ఇంటరైనా డిగ్రీ అయినా, సదువు, హాస్టల్ రెండూ ఇస్తదట. నాయిన ఎన్నో రోజులు గునిసి గునిసి, సెలెక్టయితే పంపిస్త, కాకపోతే తెల్లారే పన్లకు పోవాలె అని అక్కతోని ఒప్పందం చేసిండు. ఇగ మా ఇంట్ల అందరి పానం ఆ సెలెక్షన్ మీదనే.

నేను మనసుల ఒకటే పెట్టుకున్న. బంతి నా కాలికి తాకితే అక్కకే ఇయ్యాలె, అక్కనే గోల్ కొట్టాలె. అదేం కొత్త గూడ కాదు. మా ఇంట్ల ఏదొచ్చినా ముందు పెద్దోళ్లకే. పండొచ్చినా, కొత్త బట్టొచ్చినా, కుర్చీ ఖాళీ అయినా అక్క తర్వాతనే నేను. గ్రౌండుల గూడ అంతే చేసిన. నేనే కాదు, జట్టంత అంతే. ఎడమ దిక్కు ఒక బక్కపిల్ల ఎవ్వలూ లేని జాగల నిలబడి చేతులూపి ఊపి అలిసిపోయేది గని దానికి ఒక్కలూ ఇయ్యకపోయేటోళ్లు. కెప్టెన్ ఉండంగ దానికెట్లిస్తరు?

అక్క పరీక్షలైనంక సెలెక్షన్ మ్యాచ్ సంగారెడ్డిల అయింది. జహీరాబాద్ దిక్కు పిల్లలు మా మీద ఆడిండ్రు. వాళ్లు తెలివిగల్లోళ్లు. పది నిమిషాల్ల మా సంగతి పసిగట్టి, మొగపిల్లల లెక్క గట్టిగున్న ఇద్దరిని అక్క మీదికి ఇడిసిండ్రు. నేనిచ్చిన బంతులన్నీ వాళ్ల కాళ్లకే. అక్క మూడు సార్లు కిందపడ్డది, మోచేతులు గీరుకపోయినయ్. హాఫ్ టైంల మాకు సున్న, వాళ్లకు ఒకటి. సెలెక్షన్ సారు కుర్చీల కూసొని అక్క దిక్కు చూసుడే బంద్ చేసిండు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

మేడం నా పక్కన గడ్డిల కూసున్నది. గోల్‌కీపర్‌ను పిలిచి మెల్లగ చెప్పుడు మొదలువెట్టింది. వాళ్ల దేశంల గూడ పెద్దోళ్లంటే అంతేనట. ఆమె జట్టుల వయసుల పెద్దదైన ఒక ఆటగత్తె ఉండేదట. మేడమే ఆ పెద్దామె బూట్లు తుడిచింది, బట్టలు ఉతికింది, బంతి దొరికితే ఆమెకే ఇచ్చింది. అది ఎదుటి జట్లకు ఎరుకై ఆ పెద్దామెను కమ్ముకునేటోళ్లట. గోల్స్ రాక రాక, ఆఖరికి ఆమెను జట్టుల నుంచే తీసేసిండ్రట. ఆఖరి ముక్క మేడం గడ్డి పీక్కుంట చెప్పింది. గోల్‌కీపర్ దాన్ని తెలుగుల చెప్పింది: "ప్రేమతోనే ఆవిడ ఆట పాడుచేశానంటున్నారు."

అక్క ఎనక నిలబడి నీళ్లు తాగుకుంట అంత విన్నది. బాటిల్ నా చేతిల పెట్టి, "విన్నవు గదా. నాకియ్యకు" అన్నది.

అట్లనుడు అలకనా? ఆమె బతుకే ఆ గంటల ఉన్నది, నాకియ్యకు అంటున్నది. బంతి వచ్చేకంటే ముందే తల తిప్పి చూడాలెనని మేడం నెలల సంది మొత్తుకున్నది, ఆట మళ్ల మొదలైనంక అప్పుడు చేసిన. ఎడమ దిక్కు బక్కపిల్ల ఎప్పటి లెక్కనే చేతులూపుతున్నది. దానికిచ్చిన. అది నమ్మలేక ఒక గడియ ఆగి, మళ్ల ఉరికింది. రెండోసారి దానికే. మూడోసారి అది గోల్ కొట్టి, ఏం చేయాలెనో తెలవక మా గోల్‌కీపర్ దాక ఉరికి ఆమె మీద పడ్డది. ఇగ అక్కను కమ్ముకున్న ఇద్దరు పరేషాన్ అయిండ్రు. ఒకతి ఎడమకు పోయింది. అప్పుడిచ్చిన అక్కకు, ముంగట జాగ చూసి. అక్క ఎట్ల కొట్టిందో గని కీపర్ కదలనే లేదు. రెండు, ఒకటి. గెలిచినం.

సారు పేర్లు చదివిండు. మా జట్టుకెల్లి ఒక్కటే పేరు. నాది.

నాకు మతి పోయింది. తప్పు చదివిండని ఆయన కాడికి ఉరికిన. గోల్ కొట్టేటోళ్లు మస్తు మంది దొరుకుతరు, నడుమల నిలబడి చూసేటోళ్లే దొరకరు అన్నడాయన. మా అక్క పేరు రాయండి సార్, నేను రాను అని ఏడ్చిన. ఆయన కాగితం మడిచి జేబుల పెట్టుకున్నడు. బస్సుల ఇంటి దాక నేను అక్క మొకం చూడలే.

ఇంటికొచ్చినంక నాయిన గూడ అడ్డం తిరిగిండు. ఒప్పందం పెద్దదానితోని, చిన్నదాన్ని ఎందుకు పంపుతా అన్నడు. అక్క మోచేతులకు పసుపు పెట్టుకుంట, తెల్లారి నుంచి తాను ప్యాకింగ్‌కు పోతనని, చెల్లెను మాత్రం పంపాలెనని, పంపకపోతే తానూ పోనని చెప్పింది. నాయిన ఆమె మోచేతుల దిక్కు చూసి, సరే బిడ్డా అన్నడు.

ఆ హాస్టల్ నుంచే నేను ఆట సార్ల ట్రైనింగ్‌కు పోయి, ఈ కొలువు దాక వచ్చిన. ఇప్పుడు ఒక బడిల ఆడపిల్లలకు ఆట నేర్పుత. అక్క మూడేండ్లు ప్యాకింగ్ చేసి, ఆ జీతం తోనే దూరవిద్య డిగ్రీ కట్టి, టీచరైంది. కానీ అవన్నీ ఎవ్వరికి ఎరుక అప్పుడు? హాస్టల్‌కు పోయే రోజు బస్టాండుల నా సంచి పట్టుకొని నిలబడ్డ అక్కను చూస్తే నాకు గుండె పగిలిపోయింది. నీది నేను గుంజుకున్ననక్కా అన్న.

"గుంజుకోలే, నేనిచ్చిన" అన్నది. "పుట్టినప్పటి సంది అన్నీ నాకే ఇచ్చినవ్ గదనే. పెద్దదాన్ని, ఒక్కటన్న నేనియ్యద్దా?"