మా పెద్దమ్మ తొక్కుడు రంపం

నా చిన్నప్పుడు నన్ను అందరూ ఎత్తుకునే తిప్పేవాళ్లు. చంకనెక్కే వయసు దాటిపోయాక కూడా మా నాయన భుజం మీది నుంచో, మా అమ్మ నడుము మీది నుంచో నేను మా ఊరిని చూశాను. ఇంకా మాటలు కూడా సరిగా రాని వయసులో ఒక జ్వరం వచ్చిందట. అది తగ్గేసరికి నా కుడికాలు చచ్చుబడిపోయింది. పోలియో అన్నారు. కాలికి రోజూ పని చెబితే కొంత బలం వస్తుందని డాక్టరు గారు ఒకటికి రెండుసార్లు చెప్పి పంపారట. కానీ కాలు పట్టుకుని వంచితే చాలు, నేను వీధి వీధంతా వినపడేలా ఏడ్చేదాన్ని. ఆ ఏడుపు వినలేక మా అమ్మ ఆ పని మానుకుంది. నేను గోడ పట్టుకుని ఇంట్లో తిరగడం వరకు నేర్చుకున్నాను. గడప దాటితే మాత్రం ఎవరో ఒకరు ఎత్తుకోవలసిందే.

మాది రుద్రవరం అవతల చిన్న పల్లె. బడి అయిదో తరగతి వరకే. ఆ పైన చదవాలంటే పొలాల గట్ల మీదుగా రోడ్డు దాకా నడిచి, అక్కడ బస్సెక్కి ఆళ్లగడ్డ పోవాలి. నా అయిదో తరగతి అయిపోయిన రోజున మా నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "చదివింది చాల్లే పాపా. ఆ కాలుతో రోడ్డు దాకా యాడ పోతావ్?" అన్నాడు. తిట్టినట్టు అని ఉంటే నేను ఎదురు మాట్లాడేదాన్నేమో. ఆయన బతిమాలుతున్నట్టు అన్నాడు. నేను సరేనని తలూపాను.

ఆ ఎండాకాలంలోనే మా పెద్దమ్మ వచ్చింది. అమ్మకు సొంత అక్క. నంద్యాలలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసేది. పెళ్లి చేసుకోలేదు. మాట కటువు. పిల్లలం ఆమె ముందు గట్టిగా నవ్వడానికి కూడా భయపడేవాళ్లం. నన్నొక ఏడాది తన దగ్గర ఉంచమని అడిగింది. ఇంట్లో తోడు కావాలంది. మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది కానీ కాదనలేదు.

నంద్యాలలో పెద్దమ్మ ఇల్లు రెండు గదులు. వెనక గదిలోకి అడుగు పెట్టగానే టేకు పొట్టు వాసన గుప్పుమనేది. మూలన ఒక బట్టలు కుట్టే మిషను కాళ్లూ చక్రమూ ఉన్నాయి, పైన మిషను మాత్రం లేదు. దాని స్థానంలో రెండు పొడుగాటి కర్ర చేతులు, వాటి మధ్య నిలువుగా బిగించిన ఒక రంపం బ్లేడు. రంపం అంటే మా ఊళ్లో వడ్రంగి లాగే పెద్ద రంపమే నాకు తెలుసు. ఇది వెంట్రుకలా ఉంది. వేలితో మీటితే టింగుమని మోగేది. కింద కాలితో తొక్కితే చక్రం తిరిగి ఆ బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంది. అడ్డంగా చెక్క పెట్టి తిప్పుకుంటూ పోతే ఆకులు, పిట్టలు, అక్షరాలు, ఏ వంపు కావాలంటే ఆ వంపు తెగి వస్తుంది. ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గర ఈ సరదా అంటిందట పెద్దమ్మకు. మిషనును ఇలా మార్చిపెట్టింది వాళ్ల వీధిలో సైకిళ్లు బాగుచేసే సాయిబు.

చెక్క కోసం పెద్దమ్మ ఏనాడూ దుకాణానికి పోలేదు. కలప కోత మిల్లు దగ్గర పారేసిన టేకు ముక్కలు, వడ్రంగుల అంగళ్లలో మిగిలిన తునకలు, టీ పొడి వచ్చే పెట్టెల పలకలు గోనెసంచిలో వేసుకుని వచ్చేది. ఆడమనిషి నెత్తిన చెక్కముక్కల మూటతో వీధిలో నడుస్తుంటే జనం నవ్వేవాళ్లు. పొయ్యిలోకి పుల్లలు లేవా నర్సమ్మా అని అడిగేవాళ్లు. ఆమె వినిపించుకునేది కాదు.

నేను వెళ్లిన మర్నాడే పెద్దమ్మ నన్ను ఆ మిషను పక్కన బల్ల మీద కూర్చోబెట్టింది.

"నా మోకాళ్లు సలుపుతాండాయి. నువ్వు తొక్కు, నేను చెక్క తిప్పుతా."

నేను ఎడమకాలు తొక్కుడు పలక మీద పెట్టాను. ఆమె దాన్ని తీసి పక్కనున్న పీట మీద పెట్టింది.

"ఆ కాలు వద్దు. అది గట్టిది, ఊపు ఎక్కువైతాది. ఊపు ఎక్కువైతే బ్లేడు తెగిపోతాది. దీనికి మెత్తగా తొక్కే కాలు కావాల. ఆ ఇంకోటి పెట్టు."

నా జన్మలో నా కుడికాలు కావాలని అడిగిన మనిషిని అదే మొదటిసారి చూడటం. నేను రెండు చేతులతో దాన్ని ఎత్తి పలక మీద పెట్టుకున్నాను. మొదట కదల్లేదు. చక్రాన్ని పెద్దమ్మ చేత్తో కొంచెం తోసింది. ఆ ఊపులో నా కాలు ఒకసారి కిందికి పోయి పైకి వచ్చింది. తొడలో నరం ఎవరో పట్టి లాగినట్టయింది. ఏడుపొచ్చింది. కానీ పెద్దమ్మ నా వైపు చూడటం లేదు. చెక్క వైపే చూస్తోంది. బ్లేడు తెగుతుందేమోనన్న భయంలో నేను ఏడవడం మరిచిపోయాను.

బ్లేడ్లు చాలా తెగాయి. నా కాలు మధ్యలో ఆగిపోతే చక్రం వెనక్కి తిరిగేది, చెక్క ఎగిరిపడేది, టప్పుమని బ్లేడు రెండయ్యేది. అవి నంద్యాలలో దొరికేవి కావు. ఎవరైనా హైదరాబాదు పోతుంటే పెద్దమ్మ బతిమాలి తెప్పించుకునేది. అయినా తెగినప్పుడు ఒక్క మాట అనేది కాదు. పళ్లు కిందికి ఉండేలా చూసి కొత్తది బిగించి, కొవ్వొత్తి ముక్క రుద్ది, "ఊఁ, తొక్కు" అనేది. నాకు పట్టుదల వచ్చింది. ఈ ఆకు అంచు పూర్తయ్యేదాకా ఆగకూడదు, ఈ కొమ్మ వంపు తిరిగేదాకా ఆగకూడదు అని పళ్లు బిగించి తొక్కేదాన్ని. నా మెత్తటి కాలు లేకపోతే ఈ పని జరగదని పక్కింటి అక్కకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

వానలు మొదలయ్యాక మేమొక పెద్ద పని ఎత్తుకున్నాం. పెద్దమ్మ పోయే చర్చిలో పాస్టరు గారు నిలబడి వాక్యం చెప్పే బల్లకు ముందువైపు పలక లేదు. క్రిస్మసుకు దానికి ద్రాక్షతీగ చెక్కి ఇస్తానని పెద్దమ్మ మాటిచ్చింది. మిగిలిపోయిన టేకు ముక్కలనే అతికించి పలకలు చేసింది. తీగ మధ్యలో ఖాళీలు కోయాలంటే ముందు చిన్న చిల్లు పొడవాలి, బ్లేడు ఒక కొస విప్పి ఆ చిల్లులోంచి దూర్చి మళ్లీ బిగించాలి. ఒక్కొక్క ఆకుకూ అదే తంతు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కింటి అక్క నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని వాళ్ల బంధువులింటికి తీసుకుపోయింది. దారిలో వాన పట్టుకుంటే వెనక్కి వచ్చేశాం. అక్క నన్ను అరుగు మీద దింపి పోయింది. లోపల్నుంచి రంపం చప్పుడు. గోడ పట్టుకుని పోయి తొంగి చూశాను. పెద్దమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. రెండు కాళ్లతో దడదడా తొక్కుతోంది. చెక్క వెన్నలా తెగుతోంది. బ్లేడు ఇంత కూడా వణకడం లేదు.

"నీ మోకాళ్లు నొప్పులు గదా?" అని అరిచాను. ఆమె ఉలిక్కిపడి ఆగింది. "గట్టికాలు తొక్కితే బ్లేడు తెగుతాదంటివే!"

మరొకరైతే ఏదో సర్దిచెప్పేవాళ్లు. పెద్దమ్మ లేచి వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది.

"అబద్ధమే చెప్పినా మ్మే. నా మోకాళ్లకు ఏ రోగం ల్యా. ఆ పనికి నీ కాలే కావాలని కూడా ల్యా. నీ కాలికే ఆ పని కావాల. కాలు వంచుతామంటే ఏడుస్తావని ఇట్ల చేసినా."

నాకు అవమానంగా అనిపించింది. ఇన్నాళ్లూ నేను చేసింది పని కాదు, ఆటలో నాకిచ్చిన ఉత్త వేషం అనిపించింది. ఇంక తొక్కనని చెప్పాను. ఆమె బతిమాలలేదు.

"సరే. నేనింక నిన్ను పిలవను. అబద్ధమూ చెప్పను. నొప్పి ఉంటాది, శానా ఉంటాది. తొక్కేది మానేది నీ ఇష్టం."

ఆమె నిజంగానే పిలవలేదు. తనూ ఆ చెక్క ముట్టుకోలేదు. ఒక ఆకు సగం కోసి, బ్లేడు ఆ చిల్లులోనే ఉండగా, ద్రాక్షతీగ అలాగే ఆగిపోయింది. ఆమె డ్యూటీకి పోయేది, వచ్చేది, వండేది. నేను ముఖం తిప్పుకుని తినేదాన్ని. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే. కొన్నాళ్లకు కాలు మళ్లీ బిగుసుకుపోవడం నాకే తెలిసింది. పొద్దున లేచి గోడ దాకా పోవడం ముందటి మాదిరి కష్టమైంది. అంటే ఈ నెలలన్నిట్లో అది ఎంతో కొంత నాదైందనీ, ఇప్పుడు చేజారిపోతోందనీ అర్థమైంది.

ఆ రోజు పగలు నేను వెనక గదిలోకి పోయి బల్ల మీద కూర్చున్నాను. ఎడమకాలు పెట్టి తొక్కాను. చక్రం సునాయాసంగా తిరిగింది. పెద్దమ్మ చెప్పింది అబద్ధమేనని మరోసారి రుజువైంది. అప్పుడు ఎడమకాలు నేనే తీసి పీట మీద పెట్టాను. కుడికాలు ఎత్తి పలక మీద పెట్టుకున్నాను. చూడటానికి ఎవరూ లేరు, అడగడానికి ఎవరూ లేరు. తొక్కాను. చెక్క తిప్పేవాళ్లు లేక బ్లేడు ఆ చిల్లులోనే ఊరికే పైకీ కిందికీ ఆడుతోంది. నొప్పికి గట్టిగానే ఏడ్చాను. ఏడుస్తూనే తొక్కాను. పెద్దమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి నా జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది. ఆమె గుమ్మంలోంచి చూసింది. మెచ్చుకోలేదు. చేతులు కడుక్కుని వచ్చి తన చోట కూర్చుని చెక్క పట్టుకుంది. సగం ఆకు పూర్తయింది.

క్రిస్మసుకు ద్రాక్షతీగ చర్చిలో నిలబడింది. చూడటానికి వచ్చిన మా నాయన ఆ చెక్క మీద చెయ్యి వేసి తడుముతూ ఉండిపోయాడు. నా కాలు బాగైపోలేదు. అది ఈనాటికీ సన్నగానే ఉంది, నేను కుంటుతూనే నడుస్తాను. కానీ చేతికర్ర ఆసరాతో గడప దాటాను, వీధి దాటాను.

మళ్లీ జూన్ వచ్చేసరికి మా ఊరికి తిరిగొచ్చి ఆళ్లగడ్డ హైస్కూల్లో చేరాను. మొదటి రోజు మా నాయన సైకిల్ నడిపించుకుంటూ నా వెనకే వచ్చాడు. గట్టు మీద రెండుసార్లు పడ్డాను. పడ్డ ప్రతిసారీ "ఎక్కు పాపా, బస్సు పోతాది" అన్నాడు.

"పోతే ఇంకోటి వస్తాది. నువ్వు ముందు నడువు నాయనా, నేను వస్తాండా" అన్నాను.

ఆ బస్సు నిజంగానే పోయింది. తర్వాతి బస్సెక్కి, ఆలస్యంగా పోయి, మోకాళ్ల మీద మట్టితో తరగతి గుమ్మంలో నిలబడ్డాను.

పెద్దయ్యాక నేను టీచరునయ్యాను. చేతకాదని ఇంట్లోవాళ్లు తేల్చేసిన పిల్లలు ఎందరో నా తరగతికి వచ్చారు. వాళ్లకు నేను అబద్ధాలు చెప్పలేదు. కష్టమని ముందే చెప్పాను. చెప్పి, ఒక పని చేతికిచ్చి, వాళ్లంతట వాళ్లు మొదలుపెట్టేదాకా పక్కన కూర్చున్నాను. ఏడిస్తే ఏడవనిచ్చాను. పని మాత్రం వాళ్ల చేతిలోంచి తీసుకోలేదు.